పాత జీపు, జిప్సీ ఎత్తు పెంచాలంటే: టైర్లా, కమాన్లా, షాకిల్సా, లేక యాక్సిల్ మీదికి ఎక్కించడమా? గోదారి డెల్టా దారులకు ఏది సరిపోతుంది

సంక్రాంతి వెళ్ళిన వారం నుంచీ నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. "అన్నయ్యా, పాత జిప్సీ ఒకటి దొరికింది, ఐదంగుళాలు లేపేద్దామనుకుంటున్నాను, ఏమంటావు?" అని ఒకరు. ఇంకొకరికి మేనమామ గారి కొబ్బరి తోటలో పదేళ్ళుగా టార్పాలిన్ కింద పడున్న మహీంద్రా జీపు ఉంటుంది, దాన్ని ఇంటి దగ్గరే బాగుచేసుకుని ఎత్తు పెంచుకోవాలని కోరిక. అందరూ అడిగేది ఎత్తు గురించే. ఛాసిస్ ఎలా ఉందో చూశావా అంటే మాత్రం అవతల కాసేపు మాట ఉండదు. ఎంత ఎత్తు, ఏ పద్ధతిలో, ఎవరికి అన్నది ఒక్కచోట రాసి పెడితే నాకూ వాళ్ళకూ మేలని ఇది రాస్తున్నాను. నేను రాజోలు వైపు వాడిని, ఒక జిప్సీ, ఒక మహీంద్రా ఎంఎం540 జీపు రెండూ మా పెరట్లోనే విప్పి బిగించుకున్నాను, కాబట్టి ఇక్కడ చెప్పేదంతా మన కాలువ గట్లు, పుంతలు, ఉప్పుగాలి లెక్కలో చెప్పేదే. కొండ ప్రాంతం వాళ్ళకు ఇదంతా ఇలాగే వర్తించదు.

ముందు వేటిని చూడాలి

ఎత్తు పెంచడం అంటే బండి మొత్తం పైకి లేవడం కాదు, ఏ భాగం లేస్తుంది అన్నదే అసలు ప్రశ్న. మన పుంత దారుల్లో ట్రాక్టర్లు తిరిగి తిరిగి రెండు పక్కలా లోతుగా గాళ్ళు పడిపోతాయి, మధ్యలో మట్టి వెన్నులా మిగులుతుంది. బండి ఆగిపోయేది ఆ వెన్ను దగ్గరే. యాక్సిల్ మధ్యలో గేర్లుండే డిఫరెన్షియల్ గుండు దానికి ఆనుకుని చక్రాలు ఊరికే తిరుగుతుంటాయి. ఆ గుండు నేల మీంచి ఎంత ఎత్తులో ఉందన్నది టైరు వ్యాసం ఒక్కటే నిర్ణయిస్తుంది. కమాన్లు (బండి బరువు మోసే ఇనప పట్టీల కట్టలు) మార్చినా, షాకిల్స్ (కమాను కొసను ఛాసిస్‌కు వేలాడదీసే ముక్కలు) పొడుగు చేసినా, బాడీ కింద దిమ్మలు పెట్టినా గుండు అంగుళం కూడా లేవదు, దాని పైనున్నదే లేస్తుంది. ఈ ఒక్క సంగతి బుర్రలో పెట్టుకుంటే సగం డబ్బు మిగులుతుంది.

రెండోది మట్టి. ఏళ్ళ తరబడి దమ్ము చేసిన వరి చేలో పైన ఎంత బురద ఉన్నా, జానెడు లోతున గట్టి పొర ఒకటి ఉంటుంది. సన్నటి టైరు బురదను కోసుకుంటూ పోయి ఆ పొర మీద నిలబడుతుంది, బాగా వెడల్పు టైరు పైపైనే జారుతుంది. కొత్తగా తవ్విన చేపల చెరువు గట్టు అలా కాదు, దానికి అడుగంటూ లేదు. అక్కడ బండి బరువు తక్కువుంటేనే బతుకు.

మూడోది గట్టు. మన దారులు చాలావరకు ఒక పక్క కాలువ, ఒక పక్క చేను, మధ్యలో ఒక బండిన్నర వెడల్పు. ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తే ఎడమ చక్రాలు అంచు మీదికి దింపక తప్పదు. బండి ఎంత ఎత్తైతే ఆ వాలులో అంత తొందరగా పక్కకు ఒరుగుతుంది. రాళ్ళ దారిలో నడిపేవాళ్ళకు ఎత్తు ఎంత అవసరమో, గట్టు మీద నడిపేవాళ్ళకు అది అంత ప్రమాదం.

ఆ తర్వాత నీళ్ళు. 1986 ఆగస్టు వరద చూసినవాళ్ళు మన ఇళ్ళలో ఇంకా ఉన్నారు, 2022 జులైది మనమే చూశాం. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులు. అది ఎగరేశారంటే లంకల్లో రోడ్లు కనబడవు. ఆ రోజుల్లో పనికొస్తుందని బండి తయారు చేసుకునేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ లెక్క వేరు.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది తుప్పు. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం వైపు ఊళ్ళలో బండి షెడ్డులో ఉన్నా గాలి వదలదు. ఒక చిన్న సుత్తి, ఒక పదునైన స్క్రూడ్రైవరు తీసుకుని బండి కిందికి దూరండి. ఛాసిస్ మీద జానెడుకొక చోట తట్టుకుంటూ వెళ్ళండి. మంచి ఇనుము "టంగ్" మంటుంది. పుచ్చిపోయినది చప్పగా "డబ్" మంటుంది, పొరల మధ్య మట్టి ఉన్నట్టు. అలా పలికిన చోట స్క్రూడ్రైవరు ఆనించి గట్టిగా నొక్కండి. నా ఎంఎం540కి వెనక షాకిల్ హ్యాంగర్ పైన, బయటికి నున్నగా నల్ల పెయింటు కనబడుతున్న చోట, స్క్రూడ్రైవరు పిడి దాకా లోపలికి దిగిపోయింది, లోపల్నుంచి కాఫీ పొడిలాంటిది దోసెడు రాలింది. అమ్మినాయన కొత్తగా పెయింటు వేయించి ఇచ్చాడు మరి. ఆ హ్యాంగరు మీద రేపు బరువంతా పడుతుంది, దాని మీద ఎత్తు పెంచి ఏం లాభం? అందుకే నా మొదటి సలహా ఎప్పుడూ ఒకటే, ఎత్తుకు దాచుకున్న డబ్బులో ముందు సగం ఛాసిస్‌కు పెట్టండి.

ఏ బండి మీద మొదలుపెట్టాలి

మన వైపు దొరికేవి మూడు రకాలు.

మారుతి జిప్సీ 1985 డిసెంబరులో వచ్చింది, మొదట్లో 970 సీసీ కార్బొరేటర్ ఇంజను, 45 గుర్రాల శక్తి. 1996లో 1.3 లీటరు కింగ్, 2000లో దానికే ఎంపీఎఫ్‌ఐ (కార్బొరేటర్ బదులు పెట్రోలు చిమ్మే పద్ధతి) వచ్చి 80 గుర్రాలయింది. టన్ను అటూఇటూ బరువు, అడుగులేని బురదలో దీన్ని మించింది లేదు. ముందూ వెనకా కమాన్‌కట్టలే, యాక్సిల్ రెండూ గట్టి దండెలే, కాబట్టి ఇంట్లో విప్పుకోవడం తేలిక. లోపం ఏమిటంటే రేకు పలచన, మన గాలికి ఫ్లోరు, వీల్ ఆర్చిలు ముందు పోతాయి. కార్బొరేటర్ బండయితే నీళ్ళలో ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ తడిసిందంటే అక్కడే నిలబడిపోతుంది.

మహీంద్రా ఎంఎం540 సంగతి వేరు. 2.1 లీటరు పెజో డీజిల్, 62 గుర్రాలు, వినడానికి తక్కువే గానీ అడుగున లాగే బలం బాగుంటుంది. కరెంటు మీద ఆధారపడని ఇంజను, గాలి పీల్చే గొట్టం నీటికి పైన ఉన్నంతసేపూ ఆగదు. రేకు మందం, లప్పం పెట్టి దాచకుండా నిజంగా ముక్క కోసి ముక్క అతికే పని దీని మీద చేయొచ్చు. స్పేర్లకు రాజమండ్రి, తాడేపల్లిగూడెం తిరిగితే ఏదో ఒక మూల దొరుకుతాయి. బరువెక్కువ, స్టీరింగు బరువు, డ్రమ్ బ్రేకులు తడిస్తే పట్టవు. చక్రాల మధ్య దూరం 91 అంగుళాలే, ఇది ఎందుకు చెప్తున్నానో కిందికి వచ్చాక తెలుస్తుంది.

మూడోది 2010 అక్టోబరులో వచ్చిన మొదటి తరం థార్. సీఆర్‌డీఈ (కామన్ రైల్ డీజిల్) బండికి ముందు కమాన్లు ఉండవు, మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే టార్షన్ బార్ ఉంటుంది. బార్ తిప్పి అంగుళం పైన లేపొచ్చు, అంతకు మించి తిప్పితే ముందు జాయింట్ల వంపు పెరిగి వాటి రబ్బరు బూట్లు చిరుగుతాయి, బూటు చిరిగిన జాయింటులోకి మన బురద వెళ్ళిందంటే ఇక దాని పని అయిపోయినట్టే. విప్పి బిగించే ఓపికా తీరికా లేనివాళ్ళు దీన్ని కొనుక్కుని టైర్లు మార్చుకుని తిరగండి, మీకు కింద చెప్పే గొడవల్లో సగం అక్కర్లేదు. కింద రాసేది ముఖ్యంగా జిప్సీ, పాత జీపుల గురించే.

ఐదు పద్ధతులు, ఒక్క చూపులో

| పద్ధతి | ఎంత ఎత్తు | డిఫరెన్షియల్ లేస్తుందా | గట్టు మీద భయం | ఇంట్లో చేయొచ్చా |
|---|---|---|---|---|
| పెద్ద టైర్లు | ముప్పావు నుంచి ఒకటింపావు అంగుళం | లేస్తుంది | తక్కువ | తేలిక |
| కొత్త కమాన్లు, లేదా పట్టీ చేర్చడం | ఒకటిన్నర నుంచి 2 అంగుళాలు | లేవదు | తక్కువ | చేయొచ్చు, ఇద్దరుండాలి |
| పొడుగు షాకిల్స్ | పెంచిన పొడుగులో సగం | లేవదు | స్టీరింగు తేలిపోతుంది | తేలిక, అదే ముప్పు |
| బాడీ లిఫ్ట్ | 1 నుంచి 2 అంగుళాలు | లేవదు | కొంచెం | చేయొచ్చు, ఓపిక కావాలి |
| యాక్సిల్ మీదికి కమాన్లు | 5 అంగుళాలు, ఆ పైన | లేవదు | చాలా ఎక్కువ | మంచి వెల్డరు లేకుండా వద్దు |

టైర్లు

చాలా జిప్సీలకు కంపెనీ ఇచ్చింది 205/70 ఆర్15. దాని వ్యాసం 668 మి.మీ. 215/75 ఆర్15 వేస్తే 703, అంటే గుండు 18 మి.మీ. లేస్తుంది. 235/75 ఆర్15 అయితే 733, అంటే దాదాపు 33 మి.మీ., ఒకటింపావు అంగుళం పైన. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది గానీ పుంత మధ్య వెన్ను మీద ఆ అంగుళంపావే తేడా చూపిస్తుంది. 235కి కనీసం 6 అంగుళాల వెడల్పు రిమ్ము కావాలి, పాత రిమ్ముకే ఎక్కించేస్తామనే షాపుల మాట వినకండి.

ధర చెల్లించేది ఎక్కడంటే, టైరు పెద్దదైతే గేరు బరువెక్కుతుంది. స్పీడోమీటరు 60 చూపిస్తుంటే మీరు నిజంగా వెళ్ళేది 66. లీటరు ఇంజను పాత జిప్సీకి 235 వేస్తే సిద్ధాంతం వంతెన ఎక్కడానికే రెండో గేరు అడుగుతుంది, దానికి 215 చాలు. 1.3కి 235 బాగుంటుంది. బ్రేకుల మీద కూడా భారం పెరుగుతుంది, కాబట్టి టైర్లతో పాటే బ్రేకు లైనర్లు, వీల్ సిలిండర్లు చూసుకోవాలి.

టైరు గాడుల నమూనా విషయానికొస్తే ఆల్ టెర్రైన్ (రోడ్డుకూ మట్టికీ కలిపి చేసిన) టైరు మీద మన ఒండ్రు పది గజాల్లోనే నిండిపోయి నున్నటి గుండులా అయిపోతుంది. గాడులు దూరంగా ఉన్న మడ్ టెర్రైన్ (బురద టైరు) అయితే తిరుగుతూ మట్టిని విసిరేస్తుంది, రోడ్డు మీద మాత్రం ఒకటే మోత. వారంలో నాలుగు రోజులు చేలోకి వెళ్ళేవాళ్ళు మోత భరించండి. ఆదివారం బీచికి, మిగతా రోజులు అమలాపురానికి అనుకునేవాళ్ళు ఆల్ టెర్రైన్ తీసుకుని, బురదలో దిగేముందు గాలి 18 పీఎస్‌ఐకి తగ్గించుకోండి, తిరిగి రోడ్డెక్కేటప్పుడు కొట్టుకోవడానికి చిన్న కంప్రెసరు బండిలో ఉండాలి.

కమాన్లు

నన్నడిగితే అందరూ మొదలుపెట్టాల్సింది ఇక్కడే. పాతికేళ్ళ కమాన్‌కట్ట అప్పటికే కూలిపోయి ఉంటుంది. యాక్సిల్ దండె పైభాగం నుంచి ఛాసిస్ కింది అంచు దాకా నాలుగు మూలలా టేపు పెట్టి కొలవండి, చాలా బండ్లలో డ్రైవరు పక్క ఒక అంగుళం తక్కువ వస్తుంది. అంటే కొత్త కమాన్లు కంపెనీ కొలతకే వేసినా బండి లేచినట్టే కనబడుతుంది, నిజానికి అది దాని అసలు ఎత్తే.

పాత పట్టీలకే వంపు కొట్టించడం చవక, కమాన్ల షాపులో ఒక పూటలో చేసి ఇచ్చేస్తారు. కానీ చల్లటి మీద సుత్తితో కొట్టిన వంపు ఆరు నెలల్లో మళ్ళీ కూలుతుంది, పైగా తుప్పు పట్టి సన్నబడిన పట్టీ ఆ దెబ్బలకు లోపల బీటతీస్తే బయటికి తెలియదు. ఒక పట్టీ చేర్చడం నడిమి దారి. జీపు మీద సామాను వేసేవాళ్ళకు, వెనక ఐసు పెట్టెలో రొయ్య తీసుకెళ్ళేవాళ్ళకు అది సరిపోతుంది. ఖాళీగా తిరిగే జిప్సీకి మాత్రం చేర్చకండి, అసలే గట్టి బండి, ఇంకా గట్టిపడితే చక్రం గోతిలోకి దిగదు, గాలిలో తేలుతుంది, తేలిన చక్రానికి ఫోర్ వీల్ ఉన్నా లాభం లేదు. అలాంటివాళ్ళు పూర్తిగా కొత్త కట్ట, రెండంగుళాలు ఎత్తున్నది వేసుకోండి, డబ్బు ఎక్కువైనా సరే. బుష్‌లు, కమాన్‌కట్టను యాక్సిల్‌కు పట్టి ఉంచే యూ బోల్టులు, సెంటర్ బోల్టులు కొత్తవే వేయాలి. ఒకసారి బిగించి సాగిన యూ బోల్టును మళ్ళీ వాడటం ఎంత మంచి మెకానిక్ చెప్పినా ఒప్పుకోవద్దు.

రెండంగుళాల వరకు ప్రొపెల్లర్ షాఫ్టులు (ఇంజను బలాన్ని యాక్సిళ్ళకు చేర్చే తిరిగే గొట్టాలు) మామూలుగా సర్దుకుంటాయి. షాక్ అబ్జార్బర్లు పొడుగువి కావాలి. బ్రేకు హోసులు సరిపోతాయో లేదో చూడాలంటే ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి, యాక్సిళ్ళు వేలాడేలా వదిలేసి, హోసు బిగుసుకుంటుందేమో చేత్తో పట్టుకుని చూడండి. కొంచెం బిగిసినా మార్చేయండి.

పొడుగు షాకిల్స్

ఇది అన్నిటికన్నా చవక, అందుకే అందరూ దీని మీదే పడతారు. నేనూ పడ్డాను. మందపాటి ఇనప పట్టా కోయించి, నాలుగు చిల్లులు వేయించి, ఒక్క మధ్యాహ్నంలో జిప్సీకి బిగించేశాం. మూడంగుళాలు పొడుగు పెంచితే బండి లేచింది ఒకటిన్నర, లెక్క ఎప్పుడూ సగమే. జిప్సీకీ పాత జీపుకీ ముందు షాకిల్ కమాను ముందు కొసన ఉంటుంది. దాన్ని పొడిగిస్తే కమాను ముందు కొస కిందికి దిగుతుంది, దాంతో యాక్సిల్ కొంచెం తిరిగి కాస్టర్ కోణం (ముందు చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) తగ్గుతుంది. ఆ కోణం వల్లే మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను తిన్నగా వస్తుంది. అది పోతే బండి చెప్పిన మాట వినదు.

నాకు అది తెలిసింది కాలువ గట్టు మీద. పక్కన నాన్నగారు. ఎదురుగా పాల వ్యాను వస్తోంది, ఎడమకు కోసి మళ్ళీ కుడికి తిప్పబోయాను, స్టీరింగు చేతిలో తేలికగా, దేనికీ అంటనట్టు తిరిగింది, బండి మాత్రం ఎడమకే పోతోంది. ముందు చక్రం అంచు దాటి కిందికి దిగింది. గట్టు వాలులో ఉన్న తుమ్మ మొద్దుకు బంపరు తగిలి ఆగాం. తలుపు తీస్తే కింద నీళ్ళు. నాన్నగారు ఒక్క మాట కూడా అనలేదు, ఇంటికొచ్చాక మంచం మీద కూర్చుని చాలాసేపు చేతులు చూసుకుంటూ ఉండిపోయారు. ఆ రాత్రే షాకిల్స్ విప్పేశాను.

కాస్టర్ సరిచేసే ఏటవాలు షిమ్‌లు (పలచటి ఇనప ముక్కలు) దొరుకుతాయి, యాక్సిల్‌కూ కమానుకూ మధ్య పెడితే కోణం వెనక్కి వస్తుంది. అవి పెట్టి, షాకిల్ ఒక అంగుళానికి మించకుండా పొడిగిస్తే వాడొచ్చు. కానీ అంత చేసి వచ్చేది అర అంగుళం, దానికి ఇంత పని ఎందుకు? ఈ పద్ధతి నేను ఎవరికీ చెప్పను.

బాడీ లిఫ్ట్

ఛాసిస్‌కూ బాడీకీ మధ్య దిమ్మలు పెట్టడం. పెద్ద టైరు ఫెండరుకు రాసుకుంటుంటే చోటు చేయడానికి తప్ప దీనికి వేరే ప్రయోజనం లేదు, ఛాసిస్ ఉన్నచోటే ఉంటుంది. అంగుళం వరకు పరవాలేదు. నైలాన్ రాడ్డు కొని లేత్ మీద ముక్కలు కోయించండి, చెక్కముక్కలు, వాషర్ల దొంతరలు వద్దు. రేడియేటర్ ష్రౌడు (ఫ్యాను చుట్టూ ఉండే తొడుగు) ఫ్యానుకు తగులుతుందా, గేరు లివరు సరిగా పడుతుందా, స్టీరింగు రాడ్డు కప్లింగు నిండా పట్టి ఉందా, ట్యాంకు గొట్టం సాగిందా, ఇవన్నీ చూసుకోవాలి. ఒక మేలు మాత్రం ఉంది. బాడీ లేపినప్పుడు మౌంటింగుల కింద ఏళ్ళుగా పేరుకున్న మట్టి, తుప్పు మొత్తం కళ్ళ ముందుకొస్తాయి. మన బండ్లలో ముందు పుచ్చేది అక్కడే.

కమాన్లు యాక్సిల్ మీదికి

ఫోను చేసే కుర్రాళ్ళందరి కల ఇదే. మామూలుగా ఈ బండ్లలో కమాను యాక్సిల్ కింద ఉంటుంది. దాన్ని తీసి యాక్సిల్ పైన కూర్చోబెడితే దండె మందం, కట్ట మందం కలిసి ఐదంగుళాలు దాటి లేస్తుంది. చక్రం బాగా ఆడుతుంది, కింద వేలాడే యూ బోల్టు ప్లేట్లు బురదను దున్నడం ఆగుతుంది, ఈ రెండూ నిజమైన లాభాలే, కాదనను.

ఇక అవతలి పక్క. యాక్సిల్ దండె మీద కొత్త పీఠాలు వెల్డింగు చేయాలి. గేట్లూ గ్రిల్సూ చేసే చేతికి ఈ పని ఇవ్వకూడదు, ఒక్కచోటే వేడెక్కితే దండె వంగిపోతుంది, చిన్న చిన్న కుట్లుగా, అటొకటి ఇటొకటి చల్లారనిస్తూ వేయాలి. పీఠం కోణం తేడా వస్తే పినియన్ (గుండులోకి షాఫ్టు వచ్చి కలిసే ముక్కు) కోణం పోతుంది, ట్రాన్స్‌ఫర్ కేసు (రెండు యాక్సిళ్ళకూ బలం పంచే గేర్ల పెట్టె) ఫ్లాంజీ, పినియన్ ఫ్లాంజీ రెండూ సమాంతరంగా లేకపోతే షాఫ్టు కీళ్ళలోని క్రాస్‌లు నెలలో పోతాయి. ఎంఎం540కి 91 అంగుళాల సంగతి ఇక్కడే అడ్డొస్తుంది. చక్రాల మధ్య దూరం తక్కువ కాబట్టి వెనక షాఫ్టు పొట్టిది, ఐదంగుళాలు లేపేసరికి బాగా నిటారుగా నిలబడిపోతుంది. స్టీరింగు డ్రాగ్ లింకు (స్టీరింగు బాక్సు నుంచి చక్రానికి వెళ్ళే రాడ్డు) కూడా అంతే, ఏటవాలు పెరిగి, ముందు చక్రం గోతిలో పడినప్పుడల్లా స్టీరింగు దానంతట అదే తిరుగుతుంది, దాన్ని మళ్ళీ పైకి మార్చుకోవాలి. బ్రేకు హోసులు, షాకులు, షాఫ్టులు అన్నీ కొత్తవి కావాలి. లో గేరులో గట్టిగా తొక్కితే కమాను ఎస్ ఆకారంలో మెలిదిరుగుతుంది, దాన్ని ఆపడానికి ఇంకో రాడ్డు కట్టాలి. ఒక పని ఇంకో నాలుగు పనులను పిలుస్తుంది.

ఇంత చేశాక మన దారుల్లో వచ్చేది ఏమిటి? డిఫరెన్షియల్ అక్కడే ఉంది. గట్టు మీద బండి ఊగుతోంది. అమ్మ చీర కట్టుకుని ఎక్కలేక స్టూలు అడుగుతోంది. మారేడుమిల్లి, రంపచోడవరం వైపు అడవి దారులు, వాగుల్లో బండరాళ్ళు, అవే మీ ప్రధాన ప్రయాణమైతే అప్పుడు దీనికి అర్థం ఉంది. డెల్టాలోనే తిరిగేవాడికి లేదు.

కాగితాలు

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చే మార్పు చేయకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు, తర్వాత ఐదేళ్ళకోసారి రెన్యువల్, ప్రతిసారీ బండిని తీసుకెళ్ళి చూపించాలి. కారు రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5000కు పెరిగింది, ఇప్పుడు మీ బండికి ఎంతో కనుక్కోండి. టైర్లు కంపెనీ సైజుకు దగ్గరగా, కమాన్లు అసలు ఎత్తుకు దగ్గరగా ఉంటే ఇబ్బంది తక్కువ. ఐదంగుళాలు లేపే ఆలోచన ఉంటే ముందు ఆర్టీఓ ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్సు వాళ్ళకూ చెప్పండి. మిలిటరీ డిస్పోజల్ బండి కొనేవాళ్ళు వేలం కాగితాల మీది ఛాసిస్ నంబరు, ఇనుము మీద కొట్టిన నంబరు ఒకటేనా అని అద్దం పెట్టి చూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.

ఎవరికి ఏది

చేపల చెరువులు, చేలు చూసుకునేవాళ్ళయితే జిప్సీ, కొత్త కమాన్లు, 215 మడ్ టెర్రైన్. సన్నం, తేలిక, బురదకు అదే మందు. మేత బస్తాలు రోజూ వేసేవాళ్ళు జీపు తీసుకోండి, వెనక ఒక పట్టీ చేర్చుకోండి.

లంక ఊళ్ళలో ఉండి వరదకు పనికొచ్చే బండి కావాలంటే డీజిల్ జీపే. ఎత్తు కన్నా ముందు రెండు యాక్సిళ్ళ బ్రీదర్లకు (లోపలి గాలి వచ్చిపోయే చిన్న రంధ్రాలకు) గొట్టాలు తగిలించి బానెట్ దాకా పైకి తీసుకెళ్ళండి. వేడెక్కిన గుండు చల్లటి నీళ్ళలో దిగగానే లోపలి గాలి ముడుచుకుని నీళ్ళు పీల్చుకుంటుంది, గొట్టం ఉంటే పీల్చేది గాలే. నీళ్ళలోంచి వచ్చాక ఆయిల్ పాల కాఫీ రంగులో ఉంటే అదే రోజు మార్చాలి. పారే నీళ్ళలోకి మాత్రం ఏ బండితోనూ దిగొద్దు, ఎంత ఎత్తు పెంచినా ఏటి ముందు అది తేలికే.

ఇంటిల్లిపాదీ ఆదివారం తిరగడానికి, పెరట్లో నెమ్మదిగా చేసుకునే సరదాకు అయితే ఏ బండైనా సరే, కొత్త కమాన్లు, ఒక సైజు పెద్ద టైర్లు, అంతే. కొండలెక్కేవాళ్ళు మాత్రం యాక్సిల్ పని చేయించుకోండి, జిప్సీ మీద, మంచి వెల్డరు చేత, డబ్బూ ఏడాది టైమూ పెట్టుకుని.

పని ఎప్పుడు, ఎలా

సంక్రాంతి తర్వాత విప్పండి. ఫిబ్రవరి, మార్చిల్లో ఛాసిస్, పెయింటు అయిపోవాలి. వానల్లో గాలిలో తేమ మీద ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్, తొందరగా ఆరే రకం) పెయింటు కొడితే తెల్లబారిపోతుంది, ఎంత రుద్దినా మెరుపు రాదు. వైరు బ్రష్షుతో మెరిసే ఇనుము దాకా తీసి, అదే రోజు ఎపాక్సీ ప్రైమరు పడాలి, మన ఊళ్ళో ఒక్క రాత్రి వదిలినా తెల్లారేసరికి ఎర్రగా పూస్తుంది. ఛాసిస్ పెట్టె లోపలికి సన్న గొట్టంతో వ్యాక్సు కొట్టించండి, బయట ఎంత పెయింటు వేసినా పుచ్చు పుట్టేది లోపలే.

జాకీ నేరుగా నేల మీద పెట్టకండి. మన ఒండ్రు నేల మెత్తన, పైన ఎండి గట్టిగా కనబడినా బరువు పడగానే దిగుతుంది. కింద తాటి దూలం ముక్కో, సిమెంటు పలకో వేసి, స్టాండ్లు పెట్టి, బండిని గట్టిగా కదిపి చూశాకే కిందికి దూరాలి. ఇటుకల మీద ఎప్పుడూ వద్దు. వెల్డింగుకు ముందు బ్యాటరీ వైర్లు తీసేసి, పెట్రోలు ట్యాంకు దించి దూరంగా పెట్టండి, పెరట్లో కొబ్బరి పీచు కుప్పలుంటే ఊడ్పించేయండి.

బీచికి వెళ్ళొచ్చాక కడగడం గురించి ఒక్క మాట. మొగల్తూరు, నరసాపురం, సఖినేటిపల్లి వైపు చాలాచోట్ల బోరు నీళ్ళే ఉప్పు. ఆ నీళ్ళతో కడిగితే ఉప్పు మీద ఉప్పు చల్లినట్టే. కాలువ నీళ్ళు పట్టుకుని కడగండి, వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు కుళాయి నీళ్ళయినా రెండు బకెట్లు చాలు, బాడీకి కాదు, కింద కమాన్ల మధ్యా ఛాసిస్ చిల్లుల్లోకీ పోయండి.

కమాన్లు మార్చాక తిరిగిన మొదటి 500 కిలోమీటర్లలో పట్టీలు ఒకదాని మీద ఒకటి సర్దుకుంటాయి, యూ బోల్టులు వదులవుతాయి. 100 దగ్గర ఒకసారి, 500 దగ్గర ఇంకోసారి పానా పట్టండి. నా జీపుకు 100 దగ్గర చూస్తే కుడి వెనక బోల్టు ముప్పావు చుట్టు తిరిగింది.